చెరువు గట్టు మీది పాప

మా అంగన్‌వాడీ కేంద్రం మత్స్యకారుల పేట చివర, తుఫాను షెల్టరు పక్కన ఉంటుంది. రాజోలు వైపు నుంచి వచ్చే రోడ్డు మా పేట దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి సరుగుడు తోటలు, ఇసుక, సముద్రం. రోడ్డుకి ఎడమ పక్కన ఒకప్పుడు వరి చేలు ఉండేవట. నేను కోడలిగా వచ్చేసరికే సగం చేలు రొయ్యల చెరువులైపోయాయి. ఇప్పుడు కనుచూపు మేరా చెరువులే. పొద్దున్నే పిల్లలకి పాలు కాస్తుంటే ఏరియేటర్లు నీళ్ళు చిలికే చప్పుడు కిటికీలోంచి వస్తూనే ఉంటుంది.

నేను ఇక్కడ టీచరుగా చేరి పదేళ్ళు దాటింది. గవర్నమెంటు గుడ్లు పంపుతుంది, పాలు పంపుతుంది, బియ్యం పప్పులు పంపుతుంది, మరీ చిన్నపిల్లలకి బాలామృతం పొడి పంపుతుంది. వాటిని పిల్లల కడుపుల్లోకి చేర్చడం నా వంతు, మా ఆయమ్మ వంతు. పేటలో ఏ ఇంట్లో ఎవరు నీళ్ళోసుకున్నారో, ఏ పిల్లకి పళ్ళొస్తున్నాయో మా ఇద్దరికీ తెలియనిది లేదు. కానీ చెరువు గట్ల మీద పాకల్లో ఉండేవాళ్ళు మా పేటవాళ్ళు కారు. ఎక్కడెక్కడి గోదావరి లంకల నుంచో వస్తారు, ఒక పంట కాలం ఉంటారు, రొయ్య పట్టగానే మరో చెరువుకి వెళ్ళిపోతారు. వాళ్ళు ఊళ్ళోకి రారు, ఊళ్ళోవాళ్ళు వాళ్ళ దగ్గరికి వెళ్ళరు.

రెండేళ్ళ కిందట పోలియో చుక్కలు వేసిన ఆదివారం మర్నాడు, మిగిలిపోయిన పిల్లల కోసం నర్సమ్మగారితో కలిసి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మురుగు కాలవ దాటాక పెద్ద చెరువు ఒకటి ఉంది. గేటు దగ్గర ఊదా రంగు నీళ్ళ తొట్టి. క్రిములు చచ్చేందుకు పొటాషియం పర్మాంగనేట్ కలిపిన ఆ నీళ్ళలో కాళ్ళు ముంచితే గాని గట్టు ఎక్కనివ్వరు. బయటి నుంచి వచ్చేవాళ్ళ కాళ్ళతో రొయ్యలకి జబ్బు వస్తుందని చెరువు రైతుల భయం. మేమూ ముంచి లోపలికి వెళ్ళాం.

గట్టు మధ్యలో టార్పాలిన్ కప్పిన పాక. పాక ముందు ఖాళీ మేత బస్తా పరిచి ఉంది. దాని మీద ఒక పాప కూర్చుని ఉంది. ఆడటం లేదు, ఏడవటం లేదు. మమ్మల్ని చూసింది గాని చూసినట్టు లేదు. చుక్కలు వేయడానికి గడ్డం పట్టుకుంటే నోరు దానంతట అదే తెరుచుకుంది. సాధారణంగా ఆ వయసు పిల్లలు మమ్మల్ని చూడగానే తల్లి వెనక్కి పరుగెడతారు. ఆ పాప కదల్లేదు.

"ఎన్నేళ్ళమ్మా?" అని నర్సమ్మగారు తల్లిని అడిగారు.

"మూడు దాటేయండి," అంది ఆ పిల్ల. తల్లి అంటున్నానే గాని ఆమెకి ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో. చేతిలో మేత డబ్బా ఉంది.

నేను చిటికెన వేలికి సిరా రాయబోతూ పాప చెయ్యి పట్టుకున్నాను. నా రెండు వేళ్ళు ఆ మణికట్టు చుట్టూ తిరిగి ఇంకా చోటు మిగిలింది. ఏడాదిన్నర పిల్ల చెయ్యిలా ఉంది.

"నడుస్తుందా?"

"నడిసేదండి. వానల్లో విరేచనాలొచ్చేయండి. ఆ తరవాత కూకుంటాదంతేనండి."

"ఏం పెడతన్నారు?"

"మేం తినేదేనండి. గంజి, అన్నం, పచ్చడి. ఆయన వల వేసిన్నాడు చేపండి."

ఆమె మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు పాప పాదాల మీదే ఉన్నాయి. అంత సన్నటి కాళ్ళకి పాదాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. నర్సమ్మగారు కూడా అదే చూస్తున్నారు. బొటనవేలితో నొక్కి తీస్తే చిన్న గుంట పడి అలాగే ఉండిపోయింది. తిరిగి వస్తుంటే ఆవిడ, "రేపు టేపు పట్టుకెళ్ళి కొలిచి చూడండి టీచరుగారూ. నాకైతే ఎర్రలోనే ఉంటుందనిపిస్తోంది," అన్నారు. పిల్లల భుజం చుట్టూ కొలిచే టేపు మీద మూడు రంగులుంటాయి. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్త పడమని, ఎరుపు అయితే ప్రాణాల మీదికి వచ్చిందని.

మర్నాడు పొద్దున్నే టేపుతో వెళ్తే గేటుకి తాళం. పాప తల్లి గేటు అవతల నిలబడి, "రైతుగారు ఎవర్నీ రానివ్వద్దన్నారండి. నిన్న చుక్కల కోసమని ఒప్పుకున్నారండి," అంది. నేను గేటు ఊచల మధ్య నుంచే పాప చెయ్యి ఇవతలికి తీయించి కొలిచాను. ఎరుపు. నర్సమ్మగారి అంచనా తప్పలేదు.

చెరువు రైతుది మా పక్క ఊరే. కొబ్బరి తోట మధ్యలో డాబా. నేను వెళ్ళేసరికి కాయలు ఒలిపిస్తున్నారు. నన్ను చూసి లేచి కుర్చీ వేయించారు.

"కూర్చోండమ్మా. కాఫీ తాగుతారా?"

"వద్దు బాబాయిగారూ. మీ చెరువు మీద ఉన్న పాప గురించి వచ్చేనండి." విషయమంతా చెప్పాను. రోజూ కేంద్రానికి పంపితే పాలు, గుడ్డు, అన్నం పెడతానని, ఆలస్యం చేస్తే ఆ పాప బతకదని కూడా చెప్పాను.

ఆయన ఒలిచిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "మీరు చెప్పేది మంచిదేనమ్మా. కాదన్ను. కానీ పోయిన పంట మొత్తం తెల్లమచ్చ జబ్బు వచ్చి పోయింది. ఎవరి కాళ్ళతో వచ్చిందో తెలీదు. మీ గవర్నమెంటు పిల్లలకి గుడ్లిస్తుంది. చచ్చిపోయిన రొయ్యకి నాకేం ఇవ్వదు కదా?"

నాకు కోపం వచ్చింది. కానీ ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ గట్ల మీద జబ్బు వస్తే రాత్రికి రాత్రి కుటుంబాలు చితికిపోవడం నేనూ చూశాను. అందుకని కోపం మింగి, "నేను గట్టు ఎక్కనండి. పాపని తల్లి గేటు దాకా తెచ్చి ఇస్తుంది, నేను తీసుకెళ్తాను. తిరిగి వచ్చినప్పుడు మీ తొట్టి నీళ్ళతో కాళ్ళు చేతులు కడిగి అప్పజెబుతాను. పాప చెరువులోకి దిగేదేం లేదు కదండీ, కూర్చోడానికే ఓపిక లేదు," అన్నాను.

ఆయన చేతిలో కాయ పక్కన పెట్టారు. తర్వాత, "సరేనమ్మా. ఏదన్నా తేడా వస్తే మిమ్మల్నే అడుగుతాను," అన్నారు.

"ఆయ్. నన్నే అడగండి," అన్నాను.

ఆ మర్నాటి నుంచి సైకిలు మీద వెళ్ళి పాపని తెచ్చుకునేదాన్ని. ముందు బుట్టలో కూర్చోబెడితే నిలవడం లేదని తువ్వాలుతో నా నడుముకి కట్టుకుని తొక్కేదాన్ని. ఆ బరువు నాకు తెలిసేదే కాదు. దారిలో వంతెన దగ్గర ఒకసారి ఆగి, పాప ఉందో లేదో అన్నట్టు కిందికి చూసుకున్నాను.

కేంద్రంలో మిగతా పిల్లలు గుడ్డు చేతికి రాగానే పచ్చసొన ముందు తినాలా తెల్లసొన ముందు తినాలా అని గోల చేస్తారు. ఈ పాప గుడ్డు ముక్క బుగ్గలో పెట్టుకుని అలాగే కూర్చునేది. మింగేది కాదు. మా ఆయమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాలు చెంచాతో పోస్తే సగం బయటికి వచ్చేవి. వారం తిరక్కుండానే మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. నర్సమ్మగారిని పిలిపించాను. ఆవిడ పాపని పరీక్షగా చూసి, "ఇది మీ దగ్గర గుడ్డు పెడితే తగ్గేది కాదు. ఆకలి వేయడమే మానేసింది ఈ పిల్లకి. అమలాపురం ఆసుపత్రిలో ఇలాంటి పిల్లల కోసమే వార్డు ఉంది. తల్లీ బిడ్డా రెండు వారాలు అక్కడే ఉండాలి. వెంటనే పంపించండి," అన్నారు.

అదే రోజు సూపర్‌వైజర్ మేడం వచ్చారు. చెడ్డ మనిషి కాదు. ఆవిడ కింద ఎన్నో కేంద్రాలు, ఎక్కే బస్సూ దిగే బస్సూ, పైనుంచి ఫోన్లు. పాపని చూసి, ఫోన్లో పిల్లల పేర్లు ఎక్కించే యాప్ తెరిచి, "ఈ పాప మన దాంట్లో లేదు కదమ్మా. తల్లి ఆధార్ లంక ఊళ్ళో ఉంది, అక్కడి కేంద్రంలో కూడా పాపని ఎక్కించలేదు. మనం ఎలా రిఫర్ చేస్తాం?" అన్నారు.

"పాక ఉన్నది మన పంచాయతీ గట్టు మీదే కదండీ."

"ఉంటే ఏంటమ్మా? నాలుగు నెలల్లో వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళిపోయాక పిల్ల ఎక్కడుందని పైవాళ్ళు నన్నడుగుతారు."

"మేడం, నాలుగు నెలలు ఈ పిల్ల ఉంటుందో ఉండదో చూడండి ముందు," అని పాపని ఎత్తి ఆవిడ చేతుల్లో పెట్టాను. అలా పెట్టాలని అనుకుని చేసింది కాదు. మాటలు అయిపోయాయి, చేతులు ముందుకు వెళ్ళాయి. మేడం పాపని పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడ్డారు. పాప తల ఆవిడ భుజం మీద వాలిపోయింది.

ఆవిడ ఒక చేత్తో పాపని పట్టుకునే, రెండో చేత్తో పై ఆఫీసుకి ఫోను చేశారు. చాలాసేపు మాట్లాడారు. ఒకసారి గొంతు పెంచారు కూడా. వలస కుటుంబాల పిల్లల్ని ఉన్న చోటే చేర్చుకోవచ్చని, దానికి దారి ఉందని అప్పుడు తేలింది. దారి ఉంది గాని మా వైపు ఎవరూ దాన్ని వాడలేదు. సాయంత్రానికి పాప మా కేంద్రం పిల్ల అయ్యింది.

ఇక పాప తల్లిదండ్రుల్ని ఒప్పించాలి. గేటు దగ్గర నేను ఇవతల, వాళ్ళిద్దరూ అవతల.

పాప తండ్రి సన్నగా, ఎండకి నల్లబడి ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. "ఇద్దరం ఉంటేనేనండి ఈ పని. రోజుకి నాలుగు పూటలు మేత చల్లాలి, రొయ్య మేత తిందో లేదో ట్రేలు లేపి చూడాలి, కరెంటు పోతే జనరేటరు వెయ్యాలండి. మా ఆవిణ్ణి పంపిస్తే రైతుగారు వేరే జంటని పెట్టుకుంటారండి. అప్పుడు ముగ్గురం రోడ్డు మీదే కదండీ?"

"మందులియ్యండి అక్కా, ఇక్కడే ఏస్తాను," అంది తల్లి.

"మందుతో అయ్యేది కాదమ్మాయ్. గంట గంటకీ కొలిచి పాలు పట్టాలి. డాక్టర్లు చూస్తుండాలి."

"కుదరదండి," అన్నాడతను. అని తల దించుకున్నాడు.

ఏరియేటర్లు తిరుగుతున్నాయి. అప్పుడు ఆ తల్లి, మొగుడి వైపు చూడకుండా, చెరువు వైపు చూస్తూ అంది: "దీనికన్నా ముందు ఒకడు ఉండేవాడండి. వాడూ ఇలాగే కూకునేవాడు. వేరే గట్టు మీదండి. పంట అయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్దామనుకున్నాం. పంట అవ్వలేదండి."

అతను తల ఎత్తలేదు.

"నేనెళ్తాను," అంది ఆమె. "నువ్వేం చేసుకుంటావో చేసుకో. నేనెళ్తాను."

నేను ఇంటికి వచ్చేసరికి అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడ ఒకప్పుడు చేపల గంప నెత్తి మీద పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. మోకాళ్ళు అరిగాక గంప దించింది గాని నోరు దించలేదు. పాపని రోజూ సైకిలు మీద మోసుకొస్తుంటే, "మన పిల్లలకి తల దువ్వే తీరిక లేదు గాని గట్ల మీద పిల్లల్ని మోత్తంది" అని పేటంతా వినపడేలా అనేది. అన్నం పెడుతూ ఆవిడకి జరిగింది చెప్పాను. ఏదో ఒకటి అంటుందని తెలుసు, అననివ్వాలనుకున్నాను.

అత్తయ్య ముద్ద కలుపుతూ ఆగింది. "ముందోడు పోయేడా?"

"ఆయ్."

"అక్కడ పనేటి?"

"మేత చల్లడం, ట్రేలు చూడటం, వంట."

"ఆ మాత్రానికా?" అంది. తిన్నాక చెయ్యి కడుక్కుని, దండెం మీంచి రెండు చీరలు తీసి సంచిలో పెట్టుకుంది. "ఆ రైతుకి చెప్పు. ఆ పిల్ల వచ్చేదాకా నేనుంటాను."

"మోకాళ్ళు అత్తయ్యా..."

"చెరువు చుట్టూ నడవడానికి మోకాళ్ళెందుకు, కర్ర చాలు. నువ్వెళ్ళి చెప్పు."

రైతుగారు మొదట నమ్మలేదు. ఆయన చిన్నప్పుడు వాళ్ళింటికి రోజూ చేపలు తెచ్చింది మా అత్తయ్యే. గేటు దగ్గర కర్రతో, సంచితో నిలబడిన ఆవిణ్ణి చూసి, "మామ్మా, నువ్వా?" అన్నారు.

"ఏం, నీ రొయ్యలు నన్ను చూసి బెదురుతాయా?" అంది అత్తయ్య, చీర కాస్త పైకి లాక్కుని ఊదా నీళ్ళలో కాళ్ళు ముంచుతూ. ఆయనకి నవ్వాగలేదు. ఇంక వద్దనలేదు.

మర్నాడు పొద్దున తల్లినీ బిడ్డనీ తీసుకుని నేను అమలాపురం బస్సెక్కాను. నా బదులు కేంద్రం ఆయమ్మ చూసుకుంది. మామిడికుదురు దగ్గర బస్సులో జనం నిండిపోయారు. ఒకావిడ పాపని చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని సీటిచ్చింది. బోడసకుర్రు వంతెన మీద గాలి కొడుతుంటే పాప కళ్ళు మూసుకుంది. తల్లి మాటిమాటికీ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటోంది.

ఆ వార్డులో అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. గోడలకి ఏనుగులు, చిలకలు రాసి ఉన్నాయి. పాలలో పంచదార, నూనె లెక్కగా కలిపి, గిన్నెతో, రెండేసి గంటలకొకసారి పట్టేవారు. ఎక్కువ పెడితే కూడా ప్రమాదమేనట. డాక్టరుగారు తల్లికి అర్థమయ్యేలా చెప్పారు: "ఈ ఒళ్ళు తిండి సంగతి మరిచిపోయింది. మెల్లగా గుర్తు చెయ్యాలి. తొందరపడకు." రక్తం చూశారు, మందులు మొదలుపెట్టారు. దేనికీ ఎవరూ పైసా అడగలేదు. తల్లికి కూడా రెండు పూటలా భోజనం పెట్టారు.

వాళ్ళని చేర్పించి నేను వచ్చేసిన మూడో రోజో నాలుగో రోజో పాప తల్లి ఫోను చేసింది. "అక్కా, వాంతులైపోతన్నాయి. ఇంకా చిక్కిపోయింది. వచ్చేత్తానక్కా." ఉబ్బు తగ్గుతుంటే పిల్ల బరువు తగ్గినట్టు కనిపిస్తుందని నర్సమ్మగారు నాకు ముందే చెప్పారు. అదే మాట చెప్పాను. ఆమె నమ్మలేదు. "నేనొచ్చేదాకా ఆ మంచం దిగొద్దు," అని కేంద్రం అయ్యాక బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి సంచి సర్దుకుని మంచం అంచున కూర్చుని ఉంది. నేను సంచి తీసి మంచం కిందికి తోశాను. ఆమె ఏడ్చింది. కొడుకు గురించి ఆ రోజు చాలా చెప్పింది: వాడు ఏరియేటరు చప్పుడు ఆగితే ఏడ్చేవాడని, చప్పుడుంటేనే నిద్రపోయేవాడని. నేను పక్కన కూర్చున్నాను. పాలు పట్టే వేళకి గిన్నె నేను తీసుకున్నాను, తర్వాతి వేళకి ఆమె తీసుకుంది.

ఆ వారం చివర ఆమె మళ్ళీ ఫోను చేసింది. ఈసారి గొంతులో ఏడుపు లేదు. "అక్కా, గిన్నె తోసేసిందక్కా! పాలన్నీ నా చీర మీద ఒలకబోసింది. సిస్టరుగారేమో చప్పట్లు కొడతన్నారు!" వెనక నుంచి సిస్టరు మాట వినిపించింది: "కోపం వచ్చిందంటే ఓపిక వచ్చినట్టేనమ్మా!" నేను కేంద్రంలో పిల్లల మధ్య నిలబడి ఉన్నాను. ఫోను పెట్టేశాక ఆయమ్మ నా మొహం చూసి పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్ళింది.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు పాప గేటు ఊచ పట్టుకుని నిలబడింది. టేపు పసుపులోకి వచ్చింది. తండ్రి చెరువు అవతలి గట్టు మీంచి పరుగెత్తుకుంటూ వచ్చి, దగ్గరికి రాగానే ఆగిపోయాడు. ఎత్తుకోవాలంటే భయపడ్డాడు. అత్తయ్య, "ఎత్తుకోరా, విరిగిపోదు," అంది. ఆ రెండు వారాల్లో ఆవిడ పాక వెనక తోటకూర చల్లింది, బచ్చలి తీగ నాటింది, అతనికి పప్పులో ఆకుకూర వెయ్యడం నేర్పింది. ఇంటికి వచ్చాక మోకాళ్ళకి కాపడం పెట్టించుకుంటూ, "ఆ కుర్రాడు మంచోడే. చెప్పేవాళ్ళు లేక గాని," అంది.

మళ్ళీ రోజూ సైకిలు, తువ్వాలు, గుడ్డు. ఇప్పుడు గుడ్డు మింగేది. పక్క పిల్ల పళ్ళెంలోది కూడా లాక్కునేది. ఒకరోజు కట్టుకున్న తువ్వాలు బిగువుగా అనిపించి వదులు చేశాను.

తర్వాత ఒక సోమవారం వెళ్తే గేటు తీసి ఉంది. పాక మీద టార్పాలిన్ లేదు. చెరువులో నీళ్ళు లేవు. అడుగున బురద మీద తెల్లగా బ్లీచింగ్ చల్లి ఉంది. ఏరియేటర్లు గట్టు మీద బోర్లా పడి ఉన్నాయి. శనివారం పాపని నేనే అప్పజెప్పి వెళ్ళాను. గట్టు మీద రైతుగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఏదన్నా తేడా వస్తే నన్నే అడగమన్నది నేనే.

ఆయనే మాట్లాడారు. "మీ వల్ల కాదమ్మా. జబ్బు కాలవ నీళ్ళలోంచి వచ్చింది. వరసగా అన్ని చెరువులూ పోయేయి. నిన్న దొరికిన కాడికి పట్టించేశాం. వాళ్ళని కూలీల ఏజెంటు వచ్చి కాట్రేనికోన వైపు తీసుకెళ్ళేడు. ఆ అమ్మాయి మీకు చెప్పి వెళ్తానని ఏడిచింది. వాడు ఆగనివ్వలేదు. వ్యాను నిండా జనం."

ఆయన ఆ పంటలో ఏం పోగొట్టుకున్నారో నాకు తెలుసు. అంత బాధలోనూ ఆ ముక్క ముందు చెప్పినందుకు ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. సూపర్‌వైజర్ మేడానికి చేశాను. ఆవిడ నిట్టూర్చి, "చెప్పేను కదమ్మా," అన్నారు. మళ్ళీ ఆవిడే, "ఉండండి, అటువైపు సూపర్‌వైజర్ నాకు తెలుసు, కనుక్కుంటాను," అన్నారు. రెండు రోజుల తర్వాత అటువైపు చెరువులున్న ఊళ్ళ పేర్లు నాలుగు చెప్పారు. అంతకన్నా ఆవిడకీ దొరకలేదు.

ఆదివారం నేను బయల్దేరుతుంటే అత్తయ్య కర్ర తీసుకుని రోడ్డు మీదికి వచ్చేసింది. వద్దంటే వినలేదు. అమలాపురంలో బస్సు మారి, అక్కణ్ణుంచి ఆటో, ఆటో దిగాక నడక. మొదటి ఊళ్ళో లేరు. రెండో ఊళ్ళో గట్ల మీద కాపలావాళ్ళు మమ్మల్ని రొయ్యలు కొనేవాళ్ళమనుకున్నారు. మూడో ఊళ్ళో మడ చెట్ల పక్కన ఒక చెరువు. అత్తయ్య ఆగి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, "అదిగో, బచ్చలి," అంది. పాక గోడకి ఆనించి రెండు తీగలు, అప్పుడే నాటినవి, వాడిపోయి ఉన్నాయి. పెళ్ళగించి తెచ్చుకున్నారు.

తల్లి మమ్మల్ని చూసి మేత డబ్బా వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పాప మాత్రం అత్తయ్యని చూసి తల్లి వెనక దాక్కుంది. అది చూసి నాకు ఎంత నెమ్మది కలిగిందో చెప్పలేను. టేపు తీసి కొలిచాను. పసుపులోనే ఉంది, జారలేదు.

ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు ఇంటికి వెళ్ళాం. చిన్నమ్మాయి, కొత్తగా చేరింది. ఆదివారం మధ్యాహ్నం, పిల్లలకి అన్నాలు పెట్టుకుంటోంది. నేను చెప్పిందంతా విని, "మా దగ్గర గట్ల మీద పిల్లల్ని చేర్చుకోమండీ. ఎప్పుడూ చేర్చుకోలేదండీ," అంది.

"ఈ పాప ఇప్పటికే యాప్‌లో ఉందమ్మా. నా దగ్గర్నుంచి మీ దగ్గరికి మార్చడమే. ఎలా మార్చాలో నేను చూపిస్తాను. గేటు దగ్గర్నుంచి ఎలా తెచ్చుకోవాలో, రైతుతో ఏం మాట్లాడాలో కూడా చెబుతాను."

"పంట అయిపోతే వెళ్ళిపోతారు కదండీ?"

"వెళ్తారు. వెళ్ళేచోట ఇంకో టీచరుంటుంది. ఆవిడకి మీరు ఫోను చేస్తారు."

ఆ అమ్మాయి నన్ను చూసింది, అత్తయ్యని చూసింది. అత్తయ్య అలసిపోయి గుమ్మంలో కూలబడి మోకాళ్ళు రాసుకుంటోంది. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, తన ఫోను తీసుకుని నా పక్కన కూర్చుంది.

ఆ పాప అక్కడ రెండు పంటలు ఉంది. తర్వాత వాళ్ళు ఇంకో ఊరు మారారు. అక్కడి టీచరుకి ఆ అమ్మాయే ఫోను చేసింది. నేను గుర్తు చేయాల్సిన పని పడలేదు. మొన్నామధ్య పాప తల్లి ఫోన్లో పాప చేత మాట్లాడించింది. "టీచరమ్మా, నాకు బ్యాగు కావాలి," అంది పాప. బడిలో వేసే వయసు దగ్గరపడుతోంది. గవర్నమెంటు బళ్ళో బ్యాగూ పుస్తకాలూ యూనిఫారమూ వాళ్ళే ఇస్తారని తల్లికి చెప్పాను. బడి మధ్యలో చెరువు మారాల్సి వస్తే ఏం చేయాలో మాత్రం నాకింకా తెలియదు. మండలం ఆఫీసులో కనుక్కోవాలి. లేదంటే అడిగి అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు మా కేంద్రంలో గట్ల మీది పిల్లలు కొందరున్నారు. పొద్దున ఒక వైపు నేను సైకిలు మీద వెళ్తాను, ఇంకో వైపు ఆయమ్మ నడిచి వెళ్తుంది. కొంతమంది రైతులు గేటు దాకా తెచ్చి ఇస్తారు, కొంతమంది మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటారు. ఉత్తరం వైపు కొత్తగా తవ్విన చెరువు మీదికి పోయిన వారం ఒక కుటుంబం వచ్చింది. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి నాలుగేళ్ళుంటాయేమో. ఆ రైతు నిన్న నన్ను గేటు దగ్గరే ఆపి, మాట వినకుండా పొమ్మన్నాడు. నేను వచ్చేశాను. రేపు మళ్ళీ వెళ్తాను. ఈసారి అప్పట్లో పాప ఉన్న పెద్ద చెరువు రైతుగారిని నాతో రమ్మని అడిగాను. "అలాగేనమ్మా, పొద్దున్నే వెళ్దాం," అన్నారు.